మంచం నుంచి బాత్‌రూమ్ దాకా: పెద్దలు ఇంట్లో పడకుండా చూసుకుందాం



ఈ సంచికలో కొత్త జబ్బు గురించి గాని, కొత్త మందు గురించి గాని రాయడం లేదు. పడిపోవడం గురించి రాస్తున్నాను. అరవై దాటిన వారిని తుంటి విరిగో, మణికట్టు విరిగో, తలకు దెబ్బ తగిలో క్యాజువాలిటీకి తీసుకొచ్చినప్పుడు మా నర్సులు ముందుగా అడిగే ప్రశ్న "ఎక్కడ పడ్డారమ్మా?" అని. బస్సు దిగుతూ పడ్డాననో, రోడ్డు దాటుతూ పడ్డాననో చెప్పేవారు తక్కువ. "ఇంట్లోనే సిస్టర్, బాత్‌రూమ్‌కి లేచాను" అనేవారే ఎక్కువ. ఎప్పుడమ్మా అంటే రాత్రి రెండింటికో మూడింటికో, లేదా తెల్లవారుజామున ప్రార్థనకు లేచినప్పుడో. చిక్కడపల్లి గల్లీలో ముప్పయ్యేళ్ళుగా ఉంటున్న సొంత ఇల్లు, కళ్ళు మూసుకొని నడవగలం అనుకున్న ఇల్లు, అక్కడే పడతారు.

మనందరికీ తెలిసిన ఉదాహరణ ఒకటి ఉంది. 2023 డిసెంబరు 7వ తేదీ రాత్రి మాజీ ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు గారు ఎర్రవల్లిలోని తమ ఫామ్‌హౌస్‌లో, బాత్‌రూమ్‌లో పడ్డారు. ఎడమ తుంటి విరిగింది. మరునాడు సోమాజిగూడ యశోద ఆస్పత్రిలో తుంటి మార్పిడి ఆపరేషన్ చేశారు. అప్పటికి ఆయన వయస్సు 69. కోలుకోవడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుందని డాక్టర్లు చెప్పారు. చుట్టూ మనుషులు, వెంటనే వాహనం, వెంటనే ఆపరేషన్ అందిన వారి సంగతే ఇది. రెండో అంతస్తులో, లిఫ్టు లేని అపార్ట్‌మెంటులో, పిల్లలు అమెరికాలో ఉండగా ఇద్దరే ఉంటున్న దంపతుల సంగతి ఆలోచించండి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పడిపోవడం వల్ల ఏటా సుమారు 6 లక్షల 84 వేలమంది చనిపోతున్నారు. వారిలో అరవై దాటిన వారి వాటాయే పెద్దది. అరవై ఐదు దాటిన వారిలో ఇంచుమించు ముగ్గురిలో ఒకరు ఏడాదికి ఒకసారైనా పడతారు. అందరికీ ఎముక విరగదు. కానీ తుంటి విరిగిన పెద్దల్లో దాదాపు ఐదుగురిలో ఒకరు ఆ ఏడాది దాటకుండానే చనిపోతారని అనేక దేశాల అనుభవం. ఎముక వల్ల కాదు, మంచాన పడినందువల్ల. పడక పుండ్లు, ఊపిరితిత్తుల్లో నిమ్ము, కాళ్ళలో రక్తం గడ్డకట్టడం, మూత్రంలో ఇన్ఫెక్షన్, ఒకదాని వెనుక ఒకటి వస్తాయి.

కుటుంబం వారిని అడిగితే అందరూ ఒకటే మాట చెబుతారు. "జాగ్రత్తగా నడవమని ఎన్నిసార్లు చెప్పాం సిస్టర్, వినరు." ఇక్కడ నాకు ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయంలోని 8వ వచనం గుర్తుకొస్తుంది. దాని మీద ప్రసంగం వినడం అరుదు గాని, నర్సుగా నాకు చాలా ఇష్టమైన వచనం. కొత్త ఇల్లు కట్టుకునేవాడు మిద్దెకు పిట్టగోడ కట్టాలని, లేకపోతే అక్కడినుంచి ఎవరైనా పడితే ఆ దోషం ఆ ఇంటి మీదికి వస్తుందని అక్కడ ఆజ్ఞ ఉంది. ఆ దేశంలోనూ మన దగ్గరలాగే చదునైన మిద్దెలు. మనుషులు వాటి మీద కూర్చునేవారు, పడుకునేవారు. గమనించండి, మిద్దె ఎక్కేవాడితో జాగ్రత్తగా నడువు అని ఆ వచనం చెప్పలేదు. గోడ కట్టు అని ఇంటి యజమానితో చెప్పింది. మా ఆస్పత్రి కూడా మీకు ఆ మాటే చెబుతోంది. డెబ్బై ఐదేళ్ళ అమ్మగారు ఎంత జాగ్రత్తగా ఉన్నా తడి టైలు మీద కాలు జారుతుంది. మార్చవలసింది ఆమెను కాదు, టైలును.

రాత్రి దారి

ఇల్లంతా ఒకేసారి బాగుచేయించే స్తోమత అందరికీ ఉండదు. ఒక్క పని మాత్రమే చేయగలిగితే మంచం నుంచి బాత్‌రూమ్ దాకా ఉన్న దారిని సరిచేయండి. పది, పదిహేను అడుగులే ఉంటుంది.

ఒక రాత్రి మీరే మీ నాన్నగారి మంచం మీద పడుకోండి. అందరూ నిద్రపోయాక లేచి, పెద్ద లైటు వేయకుండా ఆ దారిన వెళ్ళి రండి. కాలికి ఏమేమి తగిలాయో లెక్కపెట్టండి. స్టూలు, పాత పేపర్ల కట్ట, మనవడి సైకిలు, సెల్ ఛార్జరు తీగ, అంచు మడతపడిన కాలిపట్టా. వేసవిలోనైతే కూలరు, దాని వైరు, దాని కిందికి కారిన నీళ్ళు. పగలు ఇవేవీ అడ్డంగా కనిపించవు. వయస్సు పెరిగేకొద్దీ కంటిపాప చీకట్లో తగినంతగా విచ్చుకోదు, వెలుగు నుంచి చీకటికి అలవాటు పడటానికి ఎక్కువ సమయం పడుతుంది. శుక్లాలుంటే ఇక చెప్పనక్కరలేదు. మనకు మసకగా కనిపించేది వారికి అసలు కనిపించదు.

కాబట్టి దారి పొడవునా వెలుగు ఉండాలి. మంచం దగ్గర ఒక జీరో బల్బు, బాత్‌రూమ్ తలుపు పక్కన ఒకటి రాత్రంతా వెలగనివ్వండి. ఎల్‌ఈడీ బల్బులకు కరెంటు ఖర్చు చాలా స్వల్పం. "బిల్లు ఎందుకురా" అని తాతగారు లేచి ఆర్పేస్తుంటే, నెలకు ఎంత అవుతుందో లెక్క చెప్పి ఒప్పించండి. స్విచ్చు మంచం మీది నుంచి చేతికి అందాలి. కరెంటు పోయినప్పటికి దిండు పక్కన చిన్న టార్చి ఉండాలి. కళ్ళజోడు కిటికీలో కాదు, చేయి చాచితే దొరికే చోట.

ఇక మంచం. కూర్చుంటే రెండు పాదాలూ పూర్తిగా నేలకు ఆనాలి, మోకాళ్ళు సమంగా మడవాలి. సుమారు 18 నుంచి 20 అంగుళాల ఎత్తు చాలామందికి సరిపోతుంది. పాత నవారు మంచం మరీ కిందికి ఉంటే లేవడానికి అవస్థ. కొత్తగా కొన్న డబుల్ కాట్ మీద రెండు పరుపులు వేస్తే పాదాలు గాలిలో వేలాడతాయి, దిగేటప్పుడు జారతారు. పిల్లలు ప్రేమతో కొనిచ్చిన మెత్తని పరుపే ఒక్కోసారి ప్రమాదం.

లేచే పద్ధతి కూడా నేర్పండి. పడుకున్న మనిషి ఒక్కసారిగా లేచి నిలబడితే రక్తం కాళ్ళలోకి దిగి బీపీ పడిపోతుంది, కళ్ళు బైర్లు కమ్ముతాయి. ముందు పక్కకు తిరగాలి, కూర్చోవాలి, ఒకటి రెండు నిమిషాలు పాదాలు పైకీ కిందికీ ఆడించాలి, తరువాత ఏదైనా పట్టుకొని నిలబడి, తల తిరగడం లేదని చూసుకొని అడుగు వేయాలి. తెలిసిన ప్రార్థన ఏదైనా ఒకటి మెల్లగా చెప్పుకొని లేవమని మేము చెబుతాం. గడియారం చూడమంటే మరచిపోతారు గాని, ఇది మరచిపోరు.

అసలు రాత్రి మూడుసార్లు ఎందుకు లేస్తున్నారో కూడా అడగాలి. షుగరు అదుపులో లేకపోవచ్చు, మగవారికి ప్రోస్టేట్ ఉండవచ్చు, కాళ్ళ వాపుకు ఇచ్చిన నీటి మాత్ర సాయంత్రం వేసుకుంటూ ఉండవచ్చు. ఆ మాత్రను ఉదయానికి మార్చవచ్చునా అని డాక్టరుగారిని అడగండి. సొంతంగా మార్చకండి. రాత్రి భోజనం తరువాత టీ మానితే కొంత మేలు. నడక బాగా తడబడే వారికి మంచం పక్కనే కమోడ్ కుర్చీ గాని, మగవారికైతే యూరిన్ బాటిల్ గాని పెట్టడంలో సిగ్గుపడవలసింది ఏమీ లేదు.

బాత్‌రూమ్

మన ప్రాంతంలో ఇళ్ళు రెండు రకాలు. పాత సొంత ఇళ్ళలో షాబాదు బండలు, వెనుక పెరట్లో బాత్‌రూమ్, వెళ్ళాలంటే గడప దాటి ఒకటి రెండు మెట్లు దిగాలి. కొత్త అపార్ట్‌మెంట్లలో బాత్‌రూమ్ గదిలోనే, కానీ నేల అద్దంలా మెరిసే టైల్స్. బండల మీద పాచి పడితే ప్రమాదం, టైల్స్ మీద సబ్బు నీళ్ళు పడితే ప్రమాదం. బాత్‌రూమ్‌లో గరుకు టైల్స్ వేయించండి. వీలు కానివారు కింద రబ్బరు బుడిపెలున్న మ్యాట్ వేసి, వారానికొకసారి ఎత్తి కడగండి, లేకపోతే దాని కిందే పాచి పడుతుంది. గోనెసంచి, పాత చీర ముక్క మ్యాటుగా వాడకండి. అవి కాలితోపాటే జారతాయి.

అన్నిటికంటే ముఖ్యం పట్టుకునే స్టీలు కడ్డీ. కమోడ్ పక్కన ఒకటి, స్నానం చేసే చోట ఒకటి. నేల నుంచి 33 నుంచి 36 అంగుళాల ఎత్తులో, పిడికిలికి సరిపోయే లావులో ఉండాలి. హార్డ్‌వేర్ షాపులో గ్రాబ్ బార్ అంటే ఇస్తారు. గోడకు రంధ్రాలు చేసి గట్టి బోల్టులతో బిగించాలి. గాలి పీల్చుకొని అతుక్కునే ప్లాస్టిక్ పిడులు కొనవద్దు, తడిగోడ మీద అవి ఊడి వస్తాయి. బిగించాక మీరే బరువంతా వేసి లాగి చూడండి. పడబోయే మనిషి ఏది అందితే దాన్ని పట్టుకుంటారు. కడ్డీ లేకపోతే తువ్వాలు వేసే రాడ్డును, నల్లాను, వాష్‌బేసినును పట్టుకుంటారు. వాష్‌బేసిను ఊడి కాలి మీద పడి గాయమైన వారికి మేము కుట్లు వేసిన సందర్భాలు ఉన్నాయి.

నేలమీద కూర్చొనే లెట్రిన్ మోకాళ్ళ నొప్పులున్న వారికి శిక్షే. కూర్చోగలరు గాని లేవలేరు. గోడను, తలుపును పట్టుకొని లేస్తూ వెనక్కి పడతారు. కమోడ్ కట్టించడానికి వీలుకాని అద్దె ఇళ్ళలో, లెట్రిన్ మీద పెట్టుకునే కమోడ్ కుర్చీలు కోఠీలోని సర్జికల్ షాపుల్లో దొరుకుతాయి. కమోడ్ ఉన్నా అది మరీ కిందికి ఉంటే పైన బిగించే ఎత్తు సీటు కూడా దొరుకుతుంది.

స్నానం కూర్చొని చేయాలి. అయితే తేలికపాటి ప్లాస్టిక్ స్టూలు మీద కాదు. తడి నేల మీద అది పక్కకు జారుతుంది. నాలుగు కాళ్ళకూ రబ్బరు తొడుగులున్న, చేతులున్న కుర్చీ వేయండి. బకెట్టును నేలమీద నుంచి వంగి ఎత్తకుండా చిన్న పీట మీద పెట్టండి. మగ్గు, సబ్బు వంగకుండా అందాలి. నల్లా నీళ్ళు మన చాలా ఇళ్ళకు రోజు విడిచి రోజు వస్తాయి కనుక బాత్‌రూమ్ నిండా బకెట్లు, డ్రమ్ములు నింపి పెట్టుకుంటాం. నడిచే జాగా మిగలదు. డ్రమ్ము బయట పెట్టడానికి చోటు వెతకండి. నీళ్ళు వచ్చే రోజు సంపు మూత తీసి, మోటారు వేసి, ఫోను వచ్చిందని లోపలికి వెళ్ళిపోయే అలవాటు ఎంత ప్రమాదమో వేరే చెప్పాలా? పెద్దలకే కాదు, పసిపిల్లలకు కూడా.

తలుపు గడియ లోపల వేసుకోవద్దని చెప్పండి. లోపల పడిపోయిన మనిషి తలుపుకు అడ్డంగా పడి ఉంటే, లోపలికి తెరుచుకునే తలుపును తోయడం కూడా కష్టం. బయటికి తెరుచుకునేలా మార్పించడం వడ్రంగికి ఒక పూట పని. మర్యాద కోసం తలుపుకు ఒక తువ్వాలు వేలాడదీస్తే లోపల మనిషి ఉన్నట్టు అందరికీ తెలుస్తుంది.

వేడినీళ్ళ గురించి ఒక మాట. షుగరు వల్ల పాదాలు మొద్దుబారిన వారికి వేడి తెలియదు. ముందు చన్నీళ్ళు పట్టి తరువాత వేడినీళ్ళు కలపాలి, మోచేతితో చూడాలి. బకెట్లో హీటరు రాడ్డు పెట్టే ఇళ్ళలో స్విచ్చు ఆపి, ప్లగ్గు పీకిన తరువాతే నీటిలో చేయి పెట్టాలి. గ్యాస్ గీజరు మూసిన బాత్‌రూమ్ లోపల ఉండనే కూడదు. దాని నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, మనిషి తెలియకుండానే స్పృహ తప్పుతాడు. దాన్ని గాలి ఆడే బయటి చోటికి మార్పించండి.

గడప, మెట్లు, అటక

రోడ్లు వేసిన ప్రతిసారీ ఎత్తు పెరిగి, మన పాత ఇళ్ళు కొన్ని రోడ్డు కన్నా కిందికి దిగిపోయాయి. వీధిలో నుంచి ఇంట్లోకి మెట్టు దిగి రావాలి. మరోవైపు అశోక్ నగర్, దోమలగూడల్లో నాలా దగ్గరి ఇళ్ళవారు 2000 ఆగస్టు 24 నాటి వరదను, 2020 అక్టోబరు వరదను చూసినవారు. అరుగు ఎత్తు చేసుకున్న ఇళ్ళలో మెట్లు నిటారుగా ఉంటాయి. దిగే మెట్టయినా ఎక్కే మెట్టయినా అంచు కనబడాలి. పసుపు పెయింటుతో రెండు అంగుళాల పట్టీ గీయించండి. గడపకూ అంతే. రెండు వైపులా చేతికి కడ్డీ ఉంటే మంచిది, ఒకవైపే వీలైతే దిగేటప్పుడు బలమైన చేయి ఉండే వైపు వేయించండి. ఆ కడ్డీ చివరి మెట్టు దాటి కొద్దిగా ముందుకు రావాలి. చాలామంది చివరి మెట్టు అయిపోయిందనుకొని అడుగు వేసి పడతారు. దగ్గరా దూరమూ కలిపిన బైఫోకల్ కళ్ళజోడు పెట్టుకున్నవారికి కింది మెట్టు మసకగా కనిపిస్తుంది. తల వంచి, పై అద్దంలోంచి చూస్తూ దిగమని చెప్పండి.

మన కుటుంబాలకే ప్రత్యేకమైనవి రెండు ఉన్నాయి. ఒకటి, ఇంట్లో కూడిక జరిగే సాయంత్రం గుమ్మం ముందు పోగుపడే చెప్పుల గుట్ట. అందరికంటే చివర బయలుదేరే పెద్దమ్మగారు ఆ గుట్టలో కాలు పెట్టి తన చెప్పులు వెతుక్కుంటారు. పిల్లల్లో ఒకరికి చెప్పులు పక్కకు సర్దే పని, గుమ్మం దగ్గర ఒక కుర్చీ వేసే పని అప్పగించండి. రెండోది క్రిస్మస్ స్టారు. ప్రతి డిసెంబరులోనూ "నలభై ఏళ్ళుగా నేనే కడుతున్నాను" అని స్టూలు మీద స్టూలు వేసి ఎక్కే తాతగారు ఏదో ఒక ఇంట్లో ఉంటారు. నక్షత్రాన్ని మనవడు కట్టనివ్వండి, తాతగారు కింద నిలబడి వంకర సరిచేయించనివ్వండి. అటక మీది ఇత్తడి గిన్నెల సంగతీ అంతే. రోజూ వాడేవి నడుముకూ భుజానికీ మధ్య ఎత్తులో ఉంటే ఎవరూ ఎక్కనక్కరలేదు.

చెప్పులు కూడా చూడండి. అడుగు అరిగి నున్నబడిన హవాయి చెప్పులు పారేయండి. ఇంట్లో కూడా మడమ వెనుక పట్టీ ఉన్నవి వేసుకుంటే మంచిది. చీర కుచ్చిళ్ళు, పంచె అంచు, నైటీ అంచు నేల తాకకూడదు.

మందుల సంచి

ఇల్లు ఎంత సరిచేసినా తల తిరిగే మనిషి పడతారు. బీపీ మాత్రలు, ప్రోస్టేట్ మాత్రలు, నిద్ర మాత్రలు, జలుబుకు దురదకు వేసుకునే మత్తు కలిగించే మాత్రలు పడటానికి కారణాలవుతాయి. షుగరు మాత్ర వేసుకొని సరిగా తినకపోతే తెల్లవారుజామున షుగరు పడిపోయి చెమటలు పట్టి తూలుతారు. గుండె డాక్టరు రాసినవి, కంటి డాక్టరు రాసినవి, మందుల షాపులో అడిగి తెచ్చుకున్నవి అన్నీ కలిసి పది పన్నెండు అవుతాయి. ఒకే మాత్రను రెండు పేర్లతో రెండుసార్లు వేసుకునేవారు కూడా ఉంటారు. ఈసారి ఓపీకి వచ్చేటప్పుడు చీటీలు కాదు, మాత్రలన్నీ ఒక సంచిలో వేసుకొని రండి. పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూడమని మా నర్సును అడగండి. నిలబడ్డ మూడు నిమిషాల్లో పై అంకె 20 తగ్గినా, కింది అంకె 10 తగ్గినా డాక్టరుగారికి చెప్పవలసిన విషయమే. నిద్ర మాత్ర ఏళ్ళ తరబడి వేసుకుంటున్నవారు ఒక్కసారిగా మానకూడదు, డాక్టరు సలహాతో మెల్లగా తగ్గించాలి.

కాళ్ళ బలం ఇంట్లోనే చూడవచ్చు. కుర్చీలోంచి లేచి, పది అడుగులు మామూలుగా నడిచి, వెనక్కి వచ్చి కూర్చోవడానికి ఎంతసేపు పట్టిందో గడియారం చూడండి. 12 సెకన్లు, అంతకు మించి పడితే పడే ప్రమాదం ఉన్నట్టు లెక్క. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోవడం, వంటగట్టు పట్టుకొని మడమలు ఎత్తి దించడం, ఒంటికాలి మీద కొద్ది సెకన్లు నిలబడటం రోజూ చేస్తే తొడలు గట్టిపడతాయి. ఇందిరా పార్కులో ఉదయపు నడకకు వెళ్ళేవారు వెళ్ళాలి. ఒకసారి పడ్డవారిని "ఇక కదలకు, కూర్చో" అని మంచానికి అంటగట్టకండి. కూర్చోబెట్టిన కొద్దీ కండ కరిగిపోతుంది, మళ్ళీ పడతారు.

ఊతకర్ర తీసుకోమంటే చాలామంది పెద్దలు నొచ్చుకుంటారు. "నేనేం ముసలిదాన్నయ్యానా?" అంటారు. నిజానికి అడిగే పద్ధతిలోనే ఉంది. "అమ్మా, నువ్వు పడతావు" అంటే వినరు. "అత్తమ్మా, ఈ కడ్డీ నాకు కూడా పనికొస్తుంది, ఎక్కడ పెట్టిద్దాం?" అని కోడలు అడిగితే ఆమే చోటు చూపిస్తారు. సామాను జరిపేటప్పుడు వారిని అడగకుండా జరపకండి. అలవాటైన బీరువా చోటు మారితే దాన్ని పట్టుకొని నడిచేవారు గాలిని పట్టుకుంటారు.

పడితే

పరుగెత్తి వెళ్ళి చంకల్లో చేతులు వేసి లేపకండి. ముందు పలకరించండి. ఎక్కడ నొప్పి, తల తగిలిందా, కాళ్ళు చేతులు కదులుతున్నాయా చూడండి. ఒక కాలు పొట్టిగా కనబడి పాదం బయటికి తిరిగి ఉంటే తుంటి విరిగినట్టే అనుకోండి. నిలబెట్టవద్దు, నూనె రాసి తోమవద్దు, ఆపరేషన్ అవసరం కావచ్చు కనుక తినడానికి తాగడానికి ఏమీ ఇవ్వవద్దు. దిండు పెట్టి, దుప్పటి కప్పి, 108కి ఫోను చేయండి. 2005 ఆగస్టు 15న మన హైదరాబాదులోనే మొదలైన సేవ అది. స్కూటరు మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టి తీసుకురావడం మాత్రం ఎన్నడూ చేయకండి. విరిగిన ఎముక పక్కన ఉన్న నరాలు, రక్తనాళాలు తెగవచ్చు.

తలకు దెబ్బ తగిలితే, ముఖ్యంగా ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ వంటి రక్తాన్ని పలుచన చేసే మందులు వాడుతుంటే, లేచి మామూలుగా మాట్లాడుతున్నా ఆస్పత్రికి తీసుకురండి. తలలో రక్తం కొందరిలో వారాల తరబడి మెల్లగా చేరుతుంది. నాలుగు వారాల తరువాత మత్తుగా ఉండటం, మాట తడబడటం, ఒక కాలు ఈడ్వడం మొదలైతే "వయస్సు మీద పడింది" అని సరిపెట్టుకోకుండా ఆనాటి దెబ్బను గుర్తుచేసుకొని డాక్టరుకు చెప్పాలి.

తుంటి విరిగిందని తేలాక చాలా కుటుంబాలు ఇక్కడే తటపటాయిస్తాయి. "ఈ వయస్సులో ఆపరేషనా సిస్టర్? నాటు కట్టు కట్టిస్తే చాలదా?" అంటారు. చేతివేలి సంగతి ఏమోగాని, తుంటి కట్టుకు నిలవదు. గుండె, ఊపిరితిత్తులు తట్టుకోగలవని డాక్టర్లు చెబితే ఆపరేషన్ ఎంత త్వరగా, వీలైతే రెండు రోజుల్లోపు చేయిస్తే అంత మంచిది. వయస్సు చూసి వద్దనడం నా దృష్టిలో పొరపాటు. ఆపరేషన్ చేసేది నొప్పి తగ్గించి, మరునాడో ఆ మరునాడో మంచం దింపి నిలబెట్టడానికి. ఎనభై దాటినవారు వాకరు పట్టుకొని వార్డులో నడవడం మేము చూస్తూనే ఉన్నాం.

ఒంటరిగా ఉండే పెద్దలకు పడటం ఒక ప్రమాదమైతే, పడి లేవలేక నేలమీద గంటల తరబడి ఉండిపోవడం రెండో ప్రమాదం. ఫోను బల్ల మీద కాదు, మెడలో వేలాడే చిన్న సంచిలో ఉండాలి, బాత్‌రూమ్‌కు వెళ్ళినా సరే. ఒక్క మీట నొక్కితే వెళ్ళేలా రెండు నంబర్లు పెట్టండి. రోజూ ఒకే వేళకు ఫోను చేసుకునే ఏర్పాటు సంఘంలోని ఇద్దరు ముగ్గురు పెద్దల మధ్య ఉన్నా చాలు. ఉదయం ఎనిమిదికి ఎత్తకపోతే ఎవరో ఒకరు వెళ్ళి తలుపు తడతారు. వయోవృద్ధుల సహాయానికి కేంద్ర ప్రభుత్వ ఎల్డర్ లైన్ నంబరు 14567, దానికి చార్జీ లేదు. విదేశాల్లో ఉన్న పిల్లలు వీడియో కాల్‌లో ముఖం ఒక్కటే చూడకుండా, "నాన్నా, ఫోను పట్టుకొని ఒకసారి బాత్‌రూమ్ దాకా నడవండి, దారి చూస్తాను" అని అడగవచ్చు.

ఇంటి తాళంచెవి ఇంకొకటి బయటి మనిషి దగ్గర ఉండాలి. అపార్ట్‌మెంటులో ఎదురు ఫ్లాటువారు మంచిది. అశోక్ నగర్, చిక్కడపల్లి ఇళ్ళలో కింది వాటాలోనో పై గదిలోనో గ్రూప్స్ పరీక్షలకు చదివే కుర్రవాళ్ళు అద్దెకు ఉంటారు. వారిలో నమ్మకస్తుడైన ఒకరికి తాళంచెవి, మీ పిల్లల ఫోను నంబరు ఇచ్చి ఉంచండి. రాత్రి రెండు గంటలకు ఆ వీధిలో మేలుకొని ఉండేది వారే.